సున్నా కార్బుల స్వర్గం

మీ ఇంట్లోనూ ఈ కార్బులు మానేసే పిచ్చి మొదలైందన్నమాట! డల్లాస్‌లో ఉన్న మావాళ్లంతా అన్నం మానేసి టర్కీ ముక్కల చుట్టలు చుడుతున్నారు. లోపల చీజు పుల్ల, పక్కన వెనిగర్‌లో ఊరిన దోసకాయ. కొరుకుతూ వీడియో కాల్‌లో ఒకటే సంబరం: "జీరో కార్బ్స్, బాబాయ్!" అన్నం మాటెత్తితే మాత్రం ఎండ్రిన్ తాగమన్నట్టు చూస్తారు.

ఆ టర్కీ ముక్కల ప్యాకెట్ చూశారా? "అన్‌క్యూర్డ్" అని పెద్దక్షరాలు. "నైట్రేట్లు, నైట్రైట్లు కలపలేదు" అని దాని కింద. ఆ మాట చివర బుల్లి నక్షత్రం గుర్తు. కళ్లజోడు తుడుచుకుని దాని జంట నక్షత్రం కోసం ప్యాకెట్టంతా గాలిస్తే, అడుగున ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో దొరుకుతుంది: సెలరీ పొడిలో సహజంగా ఉన్నవి తప్ప!

ఆ "తప్ప"లోనే ఉంది తమాషా అంతా. సెలరీ కాడల్లో నైట్రేటు దండిగా ఉంటుంది. బ్యాక్టీరియాతో దాన్ని నైట్రైటుగా మార్పించి, పొడి చేసి, మాంసానికి పట్టిస్తారు. సోడియం నైట్రైటు చేసే పనే అదీ చేస్తుంది. మాంసం గులాబీ రంగు పోనివ్వదు, బోటులిజం క్రిమిని పెరగనివ్వదు, క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు పుట్టడానికీ పనికొస్తుంది. తోట నుంచి వచ్చావా, ఫ్యాక్టరీ నుంచి వచ్చావా అని పేగులు పాస్‌పోర్టు అడుగుతాయా?

ఇదంతా చెబితే మా అమ్మాయి ఒకతె, "అది నేచురల్ కదా బాబాయ్" అంది. గన్నేరుపప్పు కూడా నేచురలే తల్లీ!

వీళ్ల తక్కువ కార్బుల డైటు గురువుగారు డాక్టర్ అట్కిన్సే నైట్రేట్లు పట్టించిన మాంసం జోలికి పోవద్దన్నాడు. హామ్‌లో చక్కెర ఉంటుంది, చూసుకోమని కూడా చెప్పాడు. శిష్యులు ఆ పేజీ తిప్పేశారు. ఉప్పు సంగతి ఎత్తను. 2024లో అమెరికాలో బోర్స్ హెడ్ కంపెనీ వారి మాంసంతో లిస్టీరియా సోకి 10 మంది పోయారు, ఆ సంగతీ ఎత్తను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే ఇలాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో, సిగరెట్టు పక్కన పెట్టింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందంది. సలామీ, సిగరెట్టు ఒకటేనని కాదు. క్యాన్సర్ తెస్తుందన్న రుజువు గట్టిదని. ఆ ప్యాకెట్ల మీద ఒక్క సర్వింగని రాసేదే 56 గ్రాములు!

కార్బులు తగ్గించుకోండి, ఎవరొద్దన్నారు? షుగరున్నవాణ్ణి అన్నం కుంభాలు కుంభాలు లాగించమని నేననను. గుడ్డు లేదా? చేప లేదా? కోడిని తెచ్చి కూర వండుకుంటే అందులో కార్బులు మొలుస్తాయా? వండటానికి బద్ధకమని ఒప్పుకోండి, వింటాను. దానికి ఆరోగ్యమని పేరు పెడితేనే ఒళ్లు మండుతుంది.

మీ పేగులు మీ ఇష్టం. కానీ ఆరేళ్ల పిల్లాడి లంచ్ బాక్సులోనూ ఆ ప్యాకెట్ మాంసమే కుక్కుతున్నారే! పెరుగన్నం పెడితే కార్బులట, సలామీ పెడితే ప్రోటీనట. వాడికేమైనా షుగరా, బొజ్జా? రేపు పొద్దున ఆ డబ్బాలోది తీసేసి, వాడికి ఇంత అన్నం పెట్టండి.