నాలుగు గళ్ళ బ్రతుకు: ఒక బడ్జెట్టు పుస్తకము ఆత్మకథ

నేను తిరుపతి నగరపాలక సంస్థ బడ్జెట్టు పుస్తకమును. సంవత్సరాదికి కొంచెము అటునిటుగా కౌన్సిలు సభ్యుల చేతులలో అట్ట నలగని కొత్తదనముతో వెలయుదును; ఏప్రిల్ మొదటి తేది మొదలు పండ్రెండు మాసములు ఊరి చీపురు మొదలు వీధిదీపము వరకు నా మాట చొప్పుననే నడచును; మరుసటి మార్చి ముప్పదియొకటవ తేదితో నా అధికారము అంతరించి, రికార్డు గదిలోని బీరువా నా నివాసమగును. ఏటేటా పుట్టుట, ఏటేటా గతించుట మా వంశాచారము.

మా మూలపురుషుడు 1886లో ఈ ఊరు మునిసిపాలిటీ అయిననాటివాడు. అప్పుడు తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడినది. 1917లో చిత్తూరును మునిసిపాలిటీ కాగా అక్కడను మాకు జ్ఞాతులేర్పడిరి. మా పూర్వుల పుటలలో ప్రతి మొత్తమునకును రూపాయి, అణా, పై అను మూడు వరుసలుండెడివి. 1957లో దశాంశ నాణెములు రాగానే అణాలు తొలగిపోయెను. 2007లో ఊరు నగరపాలక సంస్థయైనను, తొలి ఎన్నికలు 2021 మార్చిలో గాని జరుగలేదు; అంతవరకు ఏబది డివిజన్ల ప్రతినిధుల వాదోపవాదములు లేక, ప్రత్యేకాధికారి సంతకముతోనే మా వారు చెల్లుబాటైరి.

నా పుటలను తెరచిన నాలుగు గళ్ళు కనబడును. మొదటిది గతించిన సంవత్సరపు వాస్తవ లెక్క. రెండవది నడుచుచున్న సంవత్సరమునకు మొదట వేసిన అంచనా. మూడవది ఆ అంచనాకు సవరణ. నాలుగవది రాబోవు సంవత్సరపు అంచనా. సభలో కంఠములు లేచునది నాలుగవ గడిని గూర్చియే: మా డివిజనుకు కాలువ ఏదీ, మా వీధికి రోడ్డు ఏదీ యని. మూడవ గడిని చదువువారు అరుదు. అయినను ఊరు నిజముగా బ్రదుకునది ఆ మూడవ గడిలోనే యని నా అనుభవము.

నన్ను సిద్ధపరచు పని చలికాలముననే మొదలగును. 1955 నాటి నగరపాలక చట్టము ననుసరించి కమిషనరు అంచనాలను కూర్చి స్థాయీ సంఘము ముందుంచును. సంఘము తూచి, తగ్గించి, పెంచి కౌన్సిలుకు పంపును. ఖర్చు రాబడిని మించరాదు. సంవత్సరాంతమున కొంత నిల్వ మిగులవలయును. అందుచేత ఖర్చును తగ్గింప మనసొప్పనివారు రాబడిని పెంచి వ్రాయు ప్రలోభము ప్రతి ఊరను కలదు. ఆస్తిపన్ను ఆరు మాసములకొక మారు వచ్చునది. 2021 నుండి అది ఆస్తి మూలధన విలువను బట్టి నిర్ణయింపబడుచున్నది. అయినను పాత పన్నుపై నూటికి పదునైదు మించి పెంచరాదని ప్రభుత్వము హద్దు గీసినది. ఆరాధనాస్థలములకు ఆ పన్నే లేదు. ఇక 2021–26 నడుమ పదునైదవ ఆర్థిక సంఘము మా వంటి నగరములకిచ్చిన నిధులలో నూటికి అరువది పాళ్ళు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబడియుండెను. ఆ పాళ్ళతో రోడ్డు వేయుట కుదరలేదు.

తక్కిన పట్టణముల పుస్తకములకు లేని చిక్కొకటి నాకు కలదు. 2011 జనాభా లెక్కలలో ఈ నగరవాసులు రమారమి 2.87 లక్షలు. పన్ను చెల్లించువారు వీరు. వీధులు ఊడ్పించుకొనువారు వీరును, దినదినమును కొండకు పోవుచు వచ్చుచునుండు వేలాది యాత్రికులును. అందుచేత నన్ను వ్రాయువారు పాత లెక్కలతోబాటు పంచాంగమును గూడ చూడవలసియున్నది. అధికమాసము వచ్చిన యేట తిరుమలలో బ్రహ్మోత్సవములు రెండు మారులు జరుగును. 2023లో సెప్టెంబరునందొకటి, అక్టోబరునందొకటి జరిగెను. చీపుళ్ళు, బ్లీచింగు పొడి, అదనపు కూలీలు, చెత్త లారీల డీజెలు, అన్నియు రెండింతలు. పంచాంగము దీనిని ముందుగనే చెప్పును గాని వానను చెప్పదు. 2021 నవంబరులో కొండమీది నీరు కుండపోతగా దిగి వీధులను ముంచినప్పుడు, అంతకు ఎనిమిది నెలల మునుపు ఏ గడిలో ఎవరు ఎంత వ్రాసియుందురు?

అట్టివేళల అకౌంట్సు విభాగమున వినబడు సంభాషణ నాకు కంఠస్థము. బిల్లు గుమాస్తా వచ్చి నిలుచును.

“సార్, పారిశుద్ధ్యం పద్దులో ఇంగేమీ మిగల్లేదు సార్. బిల్లులేమో వస్తానే ఉండాయి.”

“ఏ పద్దులో మిగులుండాదో చూడు నాయనా. పార్కులోళ్ళు ఇంకా టెండరే పిలవలేదు గదా?”

“ఉండాది సార్. అయితే తీర్మానం లేకుండా దాంట్లోంచి తీస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు సార్.”

ఆ గుమాస్తా పలికినదే నా శాస్త్రసారము. బడ్జెట్టులో పద్దు లేనిదే పైసా చెల్లింపరాదని చట్టము. అయితే పద్దున్నంత మాత్రమున ఖజానాలో డబ్బుండదు, డబ్బున్నంత మాత్రమున పద్దుండదు. రెండును కలిసినప్పుడే చెక్కు కదలును. ఒక పద్దులోని మిగులును వేరొక పద్దునకు మార్పవలెనన్న తీర్మానము కావలయును; క్రొత్త ఖర్చును చేర్పవలెనన్న కౌన్సిలు ఆమోదము కావలయును. ఆ తీర్మానము నెంబరును ఎర్రసిరాతో నా అంచున వ్రాయుదురు. పైకి చూచువారికి అది కొట్టివేత. నాకు అది ఊపిరి.

లెక్కల తీరును మారినది. పూర్వము డబ్బు గల్లాలో పడినప్పుడే జమ. 2004లో పురపాలక లెక్కలకు జాతీయ నియమావళి వెలువడిన పిదప జంట పద్దు విధానము వచ్చినది. ఇంటి యజమానికి పన్ను డిమాండు పుట్టిననాడే అది రాబడి, చెల్లింపకున్న రావలసిన బాకీ. అందుచేత డిమాండు, వసూలు, బాకీ అను మూడు మాటల నడుమనున్న దూరము మునుపటికంటె స్పష్టముగా కనబడుచున్నది. ఆ దూరమును దాచుటకు ఏ కౌన్సిలుకును వీలులేదు. ఆడిట్ వారు అభ్యంతరము వ్రాసి మరీ అడుగుదురు.

నా మరణానంతర గతి యేమని అడుగుదురేమో. లెక్కలు ముగిసి నా వాస్తవ రాబడి, ఖర్చు తేలిన పిదప, ఆ అంకెలు మరియొక పుస్తకమున మొదటి గడిలో ప్రవేశించును. అనగా నేను చేసిన వాగ్దానము కాదు, నేను నెరవేర్చినది మాత్రమే మిగులును. కాబట్టి నా సలహా ఒక్కటి: వచ్చే మార్చిలో మీ ఊరి బడ్జెట్టు ఇన్ని కోట్లని పత్రికలో చదివినప్పుడు, ఆ మొత్తమును చూచి మురియకుడు, మూతి ముడువకుడు. మీ కౌన్సిలరును పిలిచి, పోయిన యేడు వ్రాసినదెంత, సవరించినదెంత, తుదకు ఖర్చైనదెంత యని మూడు ప్రశ్నలడుగుడు. జవాబు మా పుటలలోనే యున్నది. ఆయన పుట తిప్పవలయును, అంతే.