ఐదో నిమ్మకాయ

పంచతంత్రంలో బ్రాహ్మడు మేకను భుజాన వేసుకుని పోతుంటే, ముగ్గురు దొంగలు ఒకరి తర్వాత ఒకరు ఎదురై అది కుక్కేనని నమ్మించిన కథ మీకు తెలుసు. నా కథలో చిన్న మార్పు. నేను కుక్కను చూస్తూ నిలబడితే ముగ్గురు అది మేకేనని నమ్మించారు. పైగా డబ్బులు నేనే ఇచ్చాను.

మేక అంటే నిజంగా మేకే. పాంటియాక్ జీటీవో అనే కారుని అమెరికాలో పాతకార్ల పిచ్చోళ్లు ముద్దుగా 'గోట్' అంటారు. కంపెనీవాళ్లేమో అప్పట్లో ప్రకటనల నిండా దాన్ని పులి పులి అని ఊదరగొట్టారు. మేకవన్నె పులి అన్న మాట మనవాళ్లు ఎవర్ని చూసి పుట్టించారోగానీ డెట్రాయిట్‌కి సరిగ్గా అతికింది.

నేను ఆ డెట్రాయిట్ పక్కనే నోవైలో ఉంటాను. పగలంతా ఎలక్ట్రిక్ కార్లకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. చప్పుడు చెయ్యని కార్లతో పదిహేనేళ్లు గడిపాక, వీధి చివర మలుపు తిరగ్గానే ఇంట్లో గిన్నెలు కదిలే కారొకటి ఉండాలనిపించింది. 1966 మోడల్ జీటీవో అమ్మకానికుందని తెలిసి ఒక పల్లెటూరికి వెళ్లాను. అమ్మేవాడు "ఇది అసలైన జీటీవో" అన్నాడు. ఎదురింటి ముసలాయన కాఫీ కప్పుతో వచ్చి "దీని చప్పుడు వింటూనే పెద్దవాణ్ణయ్యాను" అన్నాడు. మూడోవాడు నేను సలహా కోసం తోడు తీసుకెళ్లిన నా స్నేహితుడే. బానెట్ మీద గాలి తొట్టె, ముందు చక్రం వెనక '6.5 లీటర్' బిళ్ల చూసి, "బావా, కళ్లుమూసుకుని తీసుకో" అన్నాడు. అలాగే తీసుకున్నాను.

మర్నాడు నోవై వెంకటేశ్వరస్వామి గుడిలో వాహనపూజ. పూజారిగారు కొబ్బరికాయ కొట్టించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించమన్నారు. అమెరికాలో లోపాలున్న నాసిరకం కారుని కూడా నిమ్మకాయే అంటారు. అంటే ఆ రోజు గుడి ముందు మొత్తం ఐదు నిమ్మకాయలున్నాయి. నేను నాలుగే లెక్కపెట్టాను.

అప్పటి పాంటియాక్ కార్లకి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే సంస్థ ఒకటుంది, పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అని. కారు నంబరు పంపితే ఫ్యాక్టరీలో రాసిన అసలు ఇన్‌వాయిస్ నకలు పంపిస్తారు. జాతకం వస్తుంది కదా, ఫ్రేము కట్టించి గరాజ్‌లో పెట్టుకుందామని రాశాను. వచ్చిన కాగితంలో జీటీవో అన్న మాటే లేదు. 1966 మోడల్ జీటీవో నంబరు 242తో మొదలవుతుంది. నాది 237. అంటే లెమాన్స్. అదే ఒళ్లు, బుద్ధిగా ఆఫీసుకెళ్లొచ్చే సంసారపక్షం కారు. డ్రైవరు తలుపు తీస్తే కీళ్ల పక్కన రివెట్లు కొట్టిన రేకు మీద ఆ అంకెలు చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి. పూజారిగారు ఆ రేక్కి కూడా బొట్టు పెట్టారు.

ఇంజనైనా నిజమేమోనని ఆశపడ్డాను. పాంటియాక్ వీ-8 ఇంజన్లు పైకి ఒకే పోలికలో ఉంటాయి. జీటీవోది 389 క్యూబిక్ అంగుళాలు, నాది 326. కవలపిల్లల్లో పరీక్ష తప్పినవాడు నా ఇంట్లో పడ్డాడు.

మా ఆవిడకి మాత్రం చరిత్ర చెప్పి నెగ్గుదామనుకున్నాను. "మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటర్స్ కట్టడి చేస్తే, 1964లో జాన్ డెలోరియన్ బృందం లెమాన్స్‌లోనే 389 పెట్టి, అది వేరే కారు కాదు, కొనేవాళ్లు కోరితే ఇచ్చే అదనపు హంగు అని తప్పించుకుంది. కాబట్టి మొదటి జీటీవో కూడా లెమాన్సే. ఆ పేరైనా సొంతం కాదు, ఫెరారీది. 389 అంటే లీటర్లలో 6.4 కూడా నిండదు, బిళ్ల మీద 6.5 అని వేశారు." ఆవిడ అంతా విని, "అయితే అబద్ధానికి నకలు కొన్నారన్నమాట. అయినా వాళ్లు పేరులోనే చెప్పారు కదండీ, లెమన్స్ అని," అంది.

అభిమానం పొడుచుకొచ్చింది. దీన్ని మళ్లీ నిజాయితీగల లెమాన్స్‌గా మార్చేస్తానని శపథం చేశాను. చెయ్యకుండా ఉండాల్సింది. జీటీవో సామాను ఏది కావాలన్నా కొత్తగా చేసి అమ్ముతున్నారు. గ్రిల్లు, బిళ్లలు, సీటు తొడుగులు, డిక్కీ అడుగు రేకు. లెమాన్స్‌కే ప్రత్యేకమైన సామాను దాదాపు ఎవరూ చెయ్యరు, ఎందుకంటే లెమాన్స్‌ని లెమాన్స్‌గా ఉంచుకోవాలనుకునే వెర్రివాడు వాళ్ల లెక్కలో లేడు. జనమేమో ఉన్నవాటిని పీకేసి చెత్తలో పారేసి, జీటీవో బిళ్లలు తగిలించుకున్నారు. కంపెనీని అడుగుదామంటే పాంటియాక్‌నే ఎత్తేస్తున్నట్టు 2009లో చాటింపు వేశారు. అబద్ధం బజార్లో బస్తాల కొద్దీ దొరుకుతుంటే నిజం కోసం నేను పాత ఇనుప కొట్ల చుట్టూ తిరిగాను.

ఆ వేసవిలో మా మామగారు విజయవాడ నుంచి వచ్చారు. ఆయన ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్లు లారీలు బాగుచేయించిన మనిషి. డిక్కీలో చెయ్యి పెడితే నేల తగిలింది. "ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు మామయ్యగారూ" అన్నాను. "కారుని మాగాయ పెట్టారన్నమాట" అన్నారు. నా దగ్గరున్నవన్నీ మిల్లీమీటర్ పానాలు. అరంగుళం తలున్న బోల్టుకి పదమూడో నంబరు పానా దాదాపుగా పడుతుంది. ఆ దాదాపులోనే బోల్టు తల నున్నగా గుండయిపోతుంది. పదకొండు గుండ్లు కొట్టాక మామగారు పానా లాక్కున్నారు. పేరు బిళ్ల దొరకట్లేదంటే, "అల్లుడుగారూ, ఆటోనగర్‌లో అయితే పొద్దున బొమ్మ గీసిస్తే భోజనాలవేళకి పోతపోసి ఇస్తారు" అన్నారు. అప్పుడే ఒప్పుకోవాల్సింది. మళ్లీ నకలా అని నీతి మాట్లాడాను.

అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో పాత సామాన్ల సంత జరుగుతుంది. ఎనిమిది గంటలు డ్రైవు చేసి వెళ్లాను. అక్కడ అన్నిటికన్నా ఖరీదైన మాట ఎన్.ఓ.ఎస్. అప్పట్లో ఫ్యాక్టరీలో తయారై, అట్టపెట్టె కూడా విప్పని సరుకని అర్థం. మనవైపు దాన్ని అమ్ముడుపోని సరుకంటారు, సగం ధరకి ఇస్తారు. మూడో రోజు సాయంత్రం ఒక బల్ల కింద లెమాన్స్ బిళ్ల దొరికింది. ఒక్కటే. ఎడమవైపుది. ధర చెప్పను, మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

తొట్టెలేని బానెట్ మాత్రం తుప్పు పట్టనిది ఎక్కడా దొరకలేదు, దాన్నలాగే ఉంచాను. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాతకార్ల తిరనాళ్లకి బయల్దేరాను. 1995 నుంచి జరుగుతోంది, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ ఊరిదాకా కార్లే కార్లు. పక్కకి ఆపి కుర్చీ వేసుకున్నాను. ఒకాయన వచ్చి బానెట్ చూసి, "జీటీవోకి లెమాన్స్ బిళ్ల ఎవరు పెట్టారు?" అన్నాడు. నేను నవ్వాను. గంట తర్వాత ఇంకొకాయన కుడివైపు నిలబడి, "బిళ్లలు పీకి దాచుకున్నావు, దొంగల భయమా? తెలివైనవాడివి," అని భుజం తట్టాడు. చీకటి పడే వేళకి మూడో ఆయన చుట్టూ తిరిగి, ఇంజన్ చప్పుడు విని, "నన్ను మోసం చెయ్యలేవు, ఇది అసలైన జీటీవో," అన్నాడు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, తలుపు తీసి, ఫోను లైటు వేసి రేకు మీది నంబరు ఇంకోసారి చూసుకున్నాను.