అరవై ఒకటో పిల్లవాడు

మన పల్లెల్లో ఎమ్మెల్యే కన్నా పలుకుబడి ఉన్న మనిషి ఒకడున్నాడు. వాడికి ఆరేళ్లు. ముక్కు తుడుచుకోవడం ఇంకా సరిగా రాదు. ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం రాసినా ఊరి బడికి టీచరు పోస్టు వస్తుందో రాదో చెప్పలేం. వీడు మాత్రం పలక పట్టుకుని వచ్చి కూర్చుంటే చాలు, పోస్టు వస్తుంది. లేచి వెళ్లిపోతే పోస్టూ వెళ్లిపోతుంది. వాడే అరవై ఒకటో పిల్లవాడు.

నమ్మకం కుదరకపోతే 2009 నాటి విద్యాహక్కు చట్టం చివర ఉన్న పట్టిక చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. 91 నుంచి 120 దాకా నలుగురు. అరవయ్యో వాడు చేరిన రోజు బడిలో ఏమీ జరగదు. వాడి చెయ్యి పట్టుకుని వాడి చెల్లెలు కూడా వచ్చిందా, ఇక పండగే. ఆ పిల్లకు జలుబు చేస్తే హెడ్మాస్టరుకు జ్వరం వస్తుంది.

చట్టం "అరవై దాకా ఇద్దరు" అంది. ఆ "దాకా" అన్న మాటను మన శాఖలు కింది నుంచి పైకి చదివాయి. ఇరవై మందే ఉంటే ఇద్దరెందుకు, ఒకరు చాలరా అన్నాయి. కేంద్ర విద్యాశాఖ బడుల మీద తీసే 2024-25 యూడైస్ లెక్కల్లో దేశం మొత్తం మీద ఏకోపాధ్యాయ బడులు లక్ష దాటాయి. అందులో 12,912 బడులతో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఏ లెక్కలోనైనా మొదటి స్థానం వస్తే ఫ్లెక్సీలు కట్టే మనం దీనికి మాత్రం ఎందుకో కట్టలేదు.

ఆ ఒక్క టీచరు ఏం చేస్తాడో చూద్దాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి ఐదు తరగతులకు వీటితోపాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం పద్దెనిమిది పాఠాలు, ఒక్క నోరు. ఒకటో తరగతికి "అ" దిద్దిస్తుంటే ఐదో తరగతి భాగహారం దగ్గర ఆగిపోయి ఉంటుంది. మూడో తరగతి వాడు రెండో తరగతి వాడికి గురువు. మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్ల లెక్క, 2024 దాకా మరుగుదొడ్డి ఫొటో కూడా, సిగ్నల్ కోసం వేపచెట్టు కిందికి ఒక పరుగు. జనగణన వచ్చినా, ఎన్నికలు వచ్చినా పిలుపు ఆయనకే. తలల లెక్కతో ఆయన్ని ఒంటరిని చేసి, ఊళ్లో తలలు లెక్కపెట్టడానికి మళ్లీ ఆయన్నే పంపుతారు. ఇక ఆయనకు ఒంట్లో బాగోలేకపోతే పక్క ఊరి నుంచి ఒక టీచరును సర్దుతారు. ఆ రోజుకు పక్క ఊరి బడీ ఏకోపాధ్యాయ బడే.

పోనీ, ఈ సూత్రమైనా అందరికీ ఒకేలా పడుతుందా? అదే ఏడాది లెక్కల్లో ఒక్క పిల్లవాడూ లేని బడులు దేశంలో 7,993. వాటి పేరు మీద 20,817 మంది టీచర్లు. అందులో పెద్ద వాటా పశ్చిమ బెంగాల్‌దే గానీ, తెలంగాణలోనూ అలాంటి బడులు 2,245, వాటి ఖాతాలో 1,016 మంది టీచర్లు. పిల్లలు లేని బడికి టీచర్లున్నారు, పిల్లలున్న బడికి టీచర్లు లేరు. దీన్నే ఆఫీసు భాషలో హేతుబద్ధీకరణ అంటారు. హేతువు ఎక్కడుందో అడిగితే ఫైలు సర్క్యులేషన్‌లో ఉందంటారు.

"పన్నెండు మంది పిల్లల కోసం ఇద్దరికి జీతాలా?" అని ఆర్థిక శాఖ అడుగుతుంది. నిజమే, ఖజానా ఎవరి అబ్బ సొమ్మూ కాదు. కానీ పల్లెవెలుగు బస్సులో పన్నెండు మందే ఎక్కారని స్టీరింగు దగ్గర సగం డ్రైవరును కూర్చోబెట్టరు కదా? కూర్చోబెట్టరు. బస్సే రద్దు చేస్తారు. ఈ కిటుకు మన కన్నా ముందు శాఖకే తట్టింది.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూలుకు తరలించమంది. ఎనిమిదేళ్ల పిల్ల సంచీ మోసుకుని మెయిన్ రోడ్డు దాటింది. దాటలేని పిల్ల గుమ్మం ముందు ఆగే పసుపు రంగు ప్రైవేటు బస్సెక్కింది. ఊరి బడిలో రెండు తరగతులే మిగిలాయి. తలలు తగ్గాయి కాబట్టి కొందరు టీచర్లు "మిగులు" లెక్కలో పడి వేరే బడులకు పోయారు. టీచర్లు తగ్గారు కాబట్టి తలలు ఇంకా తగ్గాయి. ప్రభుత్వం మారిన పుణ్యాన 2025లో ఆ జీవో పోయింది. అప్పుడు బడులు ఆరు రకాలు, ఇప్పుడు తొమ్మిది రకాలు. రకాలు పెంచడంలో మనతో చీరల కొట్టువాళ్లు కూడా పోటీ పడలేరు.

మధ్యలో నలిగేది టీచరే. జూన్ వస్తే చాలు, చేతిలో కరపత్రాలతో ఇంటింటికీ తిరుగుతాడు. "అమ్మా, మీ వాణ్ని మా బడిలో వెయ్యండి. పుస్తకాలు ఫ్రీ, బట్టలు ఫ్రీ, అన్నం ఫ్రీ." ఆ తల్లి అన్నీ విని ఒక్కటే అడుగుతుంది: "సారూ, ఐదు తరగతులకూ మీరొక్కరేనా?" దానికి కరపత్రంలో జవాబు లేదు.

గొర్రెల కాపరి కూడా సాయంత్రం తలలు లెక్కపెడతాడు. ఒకటి తగ్గితే కర్ర పట్టుకుని వెతకడానికి పోతాడు. మన శాఖ కూడా లెక్కపెడుతుంది. ఒకటి తగ్గితే కాపరిని తీసేస్తుంది. తేడా అంతే. చదువు చెప్పేది తలకు కాదు, తరగతికి. ఐదుగురున్నా అది మూడో తరగతే, పాతిక మంది ఉన్నా మూడో తరగతే. ప్రతి బడిలోనూ తరగతికొక మనిషి అని ఒక్క వాక్యం రాస్తే ఈ జీవోలన్నీ చిత్తు కాగితాలే. అందుకే ఆ వాక్యం ఎవరూ రాయరు.

తలలే ఊళ్లో నిలవని చోట్లూ ఉన్నాయి. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం వైపు, పండగలు దాటగానే ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. దాన్ని సుగ్గి అంటారు. పిల్లలు మూటల పక్కన కూర్చుని వెళతారు. యూడైస్ లెక్కకు గీత సెప్టెంబరు 30. టీచర్ల సర్దుబాటుకు గీత ఎప్పుడో జీవో వచ్చేదాకా ఎవరికీ తెలియదు. అక్కడొక బడిలో ఆ గీత పడిన రోజు అరవై ఒకటో వాడు మిరప చేలో ఉన్నాడు. జూన్‌లో బడి తెరిచాక వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"టీచర్, మా సార్ యాడికి పోయినాడు?"

"నువ్వు సుగ్గికి పోతివి నాయనా," అంది ఆమె, "ఆయన మిగులుకు పోయె."