వాటుసాపు మాని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

వాటుసాపు మాని వచ్చితి నిచటికి
సర్వరొకటి యెంచి సరగ రండి
అత్త మామ పిన్ని యందఱి కిదె పిల్పు
యాడు లేని చోట హాయి గలదు

అవతారిక

కవి మా వంశంలోనివాడే. బీటెక్ మూడో సంవత్సరం. ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ వేసుకున్నాక, ఇంట్లో ఎవరి ఫోన్ మొరాయించినా అతని చేతికివ్వడం మానేశారు, ఏం తీసేసి ఏం వేస్తాడోనని. కుటుంబ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి పోతూ విడిచిన పద్యమిది. ఇదివరకు చెప్పాపెట్టకుండా పోయినవారున్నారు, ఆస్తి తగాదాల్లో అలిగి పోయినవారున్నారు. ఛందోబద్ధంగా పోయినవాడు ఇతడొక్కడే కనుక వ్యాఖ్య అవసరమైంది.

ప్రతిపదార్థం

వాటుసాపు = వాట్సాప్ అను యాప్‌ను; మాని = విడిచిపెట్టి; ఇచటికి = మాస్టడాన్ అను ఈ చోటికి; వచ్చితిన్ = వచ్చితిని; సర్వరు ఒకటి = అనేకములైన సర్వర్లలో ఒకదానిని; ఎంచి = ఎన్నుకొని; సరగ = శీఘ్రముగా; రండి = మీరును విచ్చేయండి; అత్త మామ పిన్ని అందఱికి = గ్రూపులోని సమస్త బంధువర్గమునకు; ఇదె పిల్పు = పిలుపు ఇదియే (విడిగా ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవడం ఉండదని భావం); యాడు లేని = ప్రకటనలు లేనట్టి; చోటన్ = స్థలమునందు; హాయి కలదు = సుఖము కలదు.

తాత్పర్యం

నేను పోతున్నాను, మీరూ రండి, అక్కడ బాగుంటుంది.

విశేషాలు

మాని. ఇక్కడొక శంక. వాట్సాప్ మానినవాడు ఆ సంగతి వాట్సాప్‌లోనే ఎట్లా చెప్పాడు? సమాధానం: వినేవాళ్ళందరూ ఉన్నది అక్కడే కాబట్టి. కవి ఎదుర్కొన్న కష్టమంతా ఈ ఒక్క సమాధానంలోనే ఉంది. మిగిలిన వ్యాఖ్య చదవకపోయినా నష్టం లేదు.

ఇచటికి. ట్విట్టర్ లాంటిదైన మాస్టడాన్‌ను 2016లో జర్మనీలో ఓయ్‌గెన్ రోచ్కో అనే యువకుడు మొదలుపెట్టాడు. దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, తీసుకుని సొంత సర్వరు పెట్టుకోవచ్చు. మనవాళ్ళు దండిగా అటు వెళ్ళింది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు, కోపమొచ్చినవారు మాస్టడాన్‌లో ఖాతాలు తెరిచారు. తెరిచినవారిలో చాలామంది కోపం తగ్గాక ట్విట్టర్‌కే తిరిగొచ్చారు. పద్యంలోని ‘సరగ’ అనే క్రియావిశేషణం ఈ తిరుగు ప్రయాణానికి కూడా వర్తిస్తుందని మా అభిప్రాయం.

ఇక్కడే ఒక దోషం చెప్పక తప్పదు. లాక్షణికులు దీన్ని అనౌచిత్యం అంటారు. మాస్టడాన్ నలుగురిలో మాట్లాడే చోటు. అందులో ఒకరికే పంపే సందేశమూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో ఉండదు, సర్వరు నడిపేవాడు తలచుకుంటే చదవగలడు. ఆ మాట మాస్టడానే రాసేచోట హెచ్చరికగా చెబుతుంది. వాట్సాప్‌లో ఆ తాళం 2016 నుంచీ ఉంది, అదీ సిగ్నల్ అనే మరో సందేశాల యాప్ వాళ్ళ ఓపెన్ సోర్స్ పద్ధతిలోనే. పిన్ని తన గాజులు ఏ బ్యాంకులో తాకట్టు పెట్టిందో చెప్పుకోవాలంటే రావలసిన చోటు మాస్టడాన్ కాదు. కవి ఆమెను అలాంటి తాళమే ఉన్న సిగ్నల్‌కో మ్యాట్రిక్స్‌కో పిలవాల్సింది. సిగ్నల్ కోడ్ తెరిచే ఉంటుంది గానీ సర్వరు ఒక్క సంస్థది, అందుకని కవికి నచ్చలేదు. మ్యాట్రిక్స్‌లో సర్వర్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు. కానీ దానికి బాగా వాడే ఎలిమెంట్ యాప్‌ను 2023 మేలో కేంద్రం నిషేధించిన పద్నాలుగు యాప్‌ల జాబితాలో చేర్చింది. అదే మ్యాట్రిక్స్ ఖాతాను వేరే యాప్‌లో తెరుచుకోవచ్చన్న మాట నిజమే. దాన్ని పిన్నికి ఫోన్‌లో వివరించడం మరొక ప్రబంధం.

సర్వరొకటి యెంచి. పద్యానికి ఆయువుపట్టు. ఉత్వసంధి సుకరం, ఎంపిక దుష్కరం.

ఖాతా తెరవబోతే మొదటి ప్రశ్నే ఏ సర్వరు అని. మాస్టడాన్ సంస్థ సొంతంగా నడిపేది ఉంది, ఊళ్ళ పేరిటా వృత్తుల పేరిటా ఔత్సాహికులు నడిపేవి ఉన్నాయి. ఎందులో చేరినా మిగతావాటిలో ఉన్నవాళ్ళతో మాట్లాడవచ్చు. ఆ సర్వర్లన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే భాష యాక్టివిటీపబ్. దాన్ని 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఒప్పుకుంది. అందుకే అక్కడి చిరునామాలో ముందు మనిషి పేరు, తరవాత సర్వరు పేరు ఉంటాయి. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ నుంచి వచ్చినట్టే ఇదీ, కాకపోతే ఇంటిపేరు చివర వస్తుంది. సర్వరు నచ్చకపోతే మరొకదానికి మారవచ్చు, ఇంటిపేరు మారుతుంది. మనల్ని అనుసరించేవాళ్ళు వెంట వస్తారు. రాసిన పాత రాతలు మాత్రం పాత ఊళ్ళోనే ఉండిపోతాయి.

ఇలా మారగలగడం విలువేమిటో ట్విట్టర్ లాంటి యాప్ ‘కూ’ చూపించింది. 2020లో బెంగళూరులో పుట్టి, తెలుగులోనూ రాసుకోనిచ్చి, 2024 జులైలో మూతపడుతున్నట్టు ప్రకటించింది. కంపెనీ ఒకటే కనుక పోవడమూ ఒకేసారి. మాస్టడాన్‌లోనూ సర్వర్లు మూతపడతాయి. ముందుగా చెప్పి మూస్తే సర్దుకుని పోవడానికి పక్క ఊరుంటుంది.

ఇంతా చదివి మా మామయ్య అడిగిన ప్రశ్న: “ఒరేయ్, అన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటే ఇక ఎంచుకోవడం దేనికిరా?” వ్యాఖ్యాతలెవరూ దీన్ని ఇంతవరకు పూర్వపక్షం చేయలేకపోయారు. నడిపేవాడి నియమాలు చదివి, మన కబుర్లను ఎవరి చేతిలో పెడుతున్నామో తెలుసుకుని ఎంచుకోవడమే అసలు స్వేచ్ఛ అని కవి అంటాడు. మామయ్యకు ఆ స్వేచ్ఛ అక్కర్లేదు, మనవరాలి వీడియో కావాలి.

అత్త మామ పిన్ని. వీళ్ళకు ఓపెన్ సోర్స్ కొత్త అన్న భావన ఈ పదాల్లో ధ్వనిస్తోంది. అది తప్పు. అత్త పెన్‌డ్రైవ్‌లోని పాత సినిమాలు చూసేది వీఎల్‌సీలో. దాని గుర్తైన ట్రాఫిక్ కోన్ బొమ్మనే ఆమె “ఆరెంజ్ టోపీ” అంటుంది. వీఎల్‌సీ 1996లో పారిస్ శివారులో విద్యార్థులు మొదలుపెట్టిన పని. 2022లో కొన్ని నెలల పాటు మన దేశంలో వీఎల్‌సీ వెబ్‌సైటే తెరుచుకోలేదు. అత్త సినిమా మాత్రం ఆగలేదు, ఎందుకంటే అది అప్పటికే ఆమె కంప్యూటర్లో ఉంది. మామయ్య షష్టిపూర్తి ఆహ్వానం ఇంట్లోనే టైపుచేసి అచ్చేసింది మండలి ఫాంటులో. సిలికానాంధ్ర ఓపెన్ లైసెన్సుతో విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో అదొకటి. ప్రెస్సుకిచ్చి ఉంటే ఓపెన్ లైసెన్సు లేని అనూ ఫాంట్లలో వచ్చేది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ పోయినప్పుడు బాబాయి దారి చూసుకున్నది ముందే దించుకున్న ఆర్గానిక్ మ్యాప్స్‌లో. ఆ దారుల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరూపేరూ తెలియని ఔత్సాహికులు గీశారు.

వీటిని వాడమని వీళ్ళెవరినీ ఎవరూ పద్యం రాసి పిలవలేదు. వీఎల్‌సీ వాడుకోవడానికి పక్కింటావిడ కూడా వీఎల్‌సీ వాడనక్కర్లేదు. ఫాంటుకు బంధుబలం అవసరం లేదు. మాస్టడాన్ అట్లా కాదు. మేనల్లుడు ఒక్కడే అక్కడ ఉంటే అతనికి హాయి తప్ప మాట్లాడే మనిషి ఉండడు. కవి ఒంటరిగా వాడుకునే వస్తువునూ పదిమంది ఉంటేనే పనికొచ్చే చోటునూ ఒకే గాటన కట్టాడు. ‘పిల్పు’ బలహీనంగా ధ్వనించడానికి కారణం అదే, యతి తప్పడం కాదు.

యాడు లేని చోట. పాఠాంతరం: బాబాయి ఫార్వర్డ్ చేసిన ప్రతిలో ‘ఆడు లేని చోట’ అని ఉంది. రెండు పాఠాలకూ యతి చెల్లుతుంది. కోస్తావారి వాడుకలో ‘ఆడు’ అంటే వాడు. ఆ ‘వాడు’ 2022 అక్టోబరు 27న ట్విట్టర్‌ను కొన్న ఎలాన్ మస్కేనని కొందరంటారు. ఆ తరువాతి వారాల్లో జనం మాస్టడాన్‌కు తరలిపోవడం చూస్తే ఆ పాఠానికీ బలముంది. గ్రూపులో ఏ సంగతికైనా అడ్డుతగిలే బాబాయేనని అత్త వర్గీయులు. ఫార్వర్డ్ చేసింది ఆయనే కనుక ఆ అన్వయం ఆయన దృష్టికి వచ్చినట్టు లేదు. మేము ‘యాడు’ అన్న పాఠాన్నే గ్రహించాం.

హాయి గలదు. మాస్టడాన్ హోమ్‌లో మనం అనుసరించినవారి రాతలు వచ్చిన వరుసలోనే వస్తాయి. కోపం తెప్పించేవాటిని ఏరి పైకి తెచ్చే యంత్రాంగం లేదు. కనుక మొదటిరోజు ఏమీ ఉండదు. పనికొచ్చే హ్యాష్‌ట్యాగులు నాలుగు వెతికి అనుసరిస్తే మెల్లగా మనుషులు కనిపిస్తారు. దాన్ని హాయి అనవచ్చు, ఖాళీ అనీ అనవచ్చు. కవి యౌవనంలో ఉన్నాడు.

యాడ్లు లేకపోతే సర్వరు అద్దె ఎవరు కడతారన్నది చివరి శంక. చేరినవాళ్ళు తలా కాస్త వేసుకోవాలి, లేకపోతే నడిపేవాడి జేబులోంచి పోతుంది. కవి ఈ సంగతి పద్యంలో ఎత్తలేదు. ఆటవెలదిలో చోటు చాలలేదంటాడు. సీసం రాయమని అడిగాం, వాళ్ళ సర్వరుకు ఈ నెల చందా ఇచ్చాక రాస్తానన్నాడు.