జీతం బదులు పుణ్యం

లినక్స్ మ్యాన్ పేజీలు, అంటే ప్రోగ్రామర్లు చదివే వాడుక సూచనల పేజీలు, చూసుకునే ఆయన 2024 సెప్టెంబర్‌లో చేతులెత్తేశాడు. 2020 నుంచి ఖాళీ వేళల్లో ఈ పని మోస్తున్నానని, ఒక్క కంపెనీ కూడా పైసా విదల్చలేదని, ఇక ఇల్లు గడవదని, ఎవరైనా డబ్బిచ్చే మాటుంటే అప్పుడు చూద్దామని చెప్పి ఆపేశాడు.

ఎంత అన్యాయం! నాలుగేళ్లుగా ఠంచనుగా పుణ్యం ముట్టజెబుతుంటే మళ్లీ డబ్బులంటాడేమిటి? టీడీఎస్ కోత కూడా లేదు కదా ఆ పుణ్యానికి!

ఇంత చక్కటి పద్ధతిని ఒక్కడితో ఆపడం బాగోలేదు. సీఈవోలకూ వర్తింపజేద్దాం. ఏడాదికి ఇన్ని లక్షల పుణ్యం ప్యాకేజీ, బోనస్ కింద రెండు పుష్కర స్నానాలు. షేర్‌హోల్డర్లకు డివిడెండ్ రోజున అక్షింతలు. లాభం పడిపోయిందా? 'ఈ త్రైమాసికంలో పుణ్యం గణనీయంగా పెరిగింది' అని ప్రకటిస్తే సరి. క్లౌడ్ బిల్లు వస్తే 'మీ సర్వర్లు చల్లగా ఉండాలి' అని దీవించి పంపండి. ఆ దీవెన మీద జీఎస్టీ ఎంతో మండలి తేలుస్తుంది. ఒకటో తారీఖున మాదాపూర్‌లో ఇంటి ఓనర్ తలుపు కొడితే ఫోన్ తీసి ఆయనకో బొటనవేలి బొమ్మ కొట్టండి. ఖాళీ చేసిన రోజున ఆయనా అడ్వాన్స్‌ను పుణ్యంగానే తిరిగిస్తాడు, గోడలకు రంగుల ఖర్చు పట్టుకుని.

ఇంతకీ ఆ పేజీల్లో ఏముంటుంది? ఎఫ్‌సింక్ పేజీ తెరవండి. ఫైల్‌ను ఎఫ్‌సింక్‌తో డిస్కులోకి ఎక్కించినంత మాత్రాన డైరెక్టరీలో దాని పేరు కూడా ఎక్కిందని నమ్మొద్దు, డైరెక్టరీకి విడిగా మళ్లీ ఎఫ్‌సింక్ చెయ్యాలి అని ఉంటుంది. డేటాబేస్ రాసేవాడికి ఈ ముక్క తెలియకపోతే, కరెంటు పోయి వచ్చాక ఫైలు ఉంటుందన్న భరోసా లేదు. కెర్నల్ మారినప్పుడల్లా కోడ్ చదివి, నడిపి చూసి, ఇలాంటి వాక్యాలు ఇంకా నిజమేనా అని సరిచూసేవాడు ఒకడుండాలి. ఏఐని అడిగితే చెబుతుందంటారా? రాసేవాడే లేకపోతే అదెక్కడ చదివి చెబుతుంది?

2017 నుంచి టాప్ 500 జాబితాలోని ప్రతి సూపర్ కంప్యూటర్ లినక్స్ మీదే నడుస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగునా అదే. దాని మీద లక్షల కోట్ల వ్యాపారం చేసే కంపెనీలు క్యాంటీన్‌లో కాఫీ మెషిన్‌కు బడ్జెట్ రాస్తాయి, ఈ పనికి మాత్రం అన్నేళ్లూ రాయలేదు. పైగా ఇలా ఊరికే చేసే పనిని 'కమ్యూనిటీ స్ఫూర్తి' అని పొగుడుతాయి. స్ఫూర్తి కాదది, దోపిడీ. ఊరికే వస్తోంది కదా అని ఒక మనిషి సాయంత్రాలన్నీ మింగేసి, అతను అలిసిపోయాక ఆశ్చర్యపోవడం సిగ్గులేనితనం.

మీరు అలాంటి కంపెనీలోనే పనిచేస్తుంటే రేపు పొద్దున ఒక్క ప్రశ్న అడగండి: ఇలాంటి పని చేసే ఒక్క మనిషి జీతానికి ఎవరి సంతకం కావాలి?