రంపసంజీవని అను పనస పద్య వ్యాఖ్య

అవతారిక: కాళిదాసుకు టీక రాసిన మల్లినాథసూరిది కోల్చారం. ఆ ఊరు పాత మెదక్ జిల్లాలోది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా మా నాగల్‌గిద్ద కూడా ఆ జిల్లాదే. మూలంలో లేని మాట అనననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చుకున్నాడు. ఒకే జిల్లా వాళ్లమన్న చనువే తప్ప మాకా నిగ్రహం లేదు. ఆయన రఘువంశ వ్యాఖ్య పేరు సంజీవని, మాది రంపసంజీవని. పద్యమూ మాదే, వ్యాఖ్యా మాదే కనుక కవి హృదయం దగ్గర తగవు రాదు.

మూలం:

ఇంటి పక్క పనస యేనుఁగై పెరిగిన
కొనను తుంచు కాయ కోసినాక
మొదలు ముట్టవద్దు మోడుపైఁ గాసేటి
చెట్టు గుణ మెఱుంగు చేవగాఁడ!

టీక: ఇంటి పక్క = రేకుల ఇంటికీ ప్రహరీకీ నడుమ; పనస = పనసచెట్టు; ఏనుఁగై పెరిగిన = ఏనుగంతగా పెరిగితే; కాయ కోసినాక = ఆ ఏటి కాయ దిగిన తర్వాత; కొనను తుంచు = పై చివర తీసెయ్యి; మొదలు ముట్టవద్దు = మాను జోలికీ వేర్ల జోలికీ పోకు; మోడుపైఁ గాసేటి = కొమ్మ చివర కాక మాను మీదే కాసే; చెట్టు గుణము ఎఱుంగు = చెట్టు స్వభావం తెలుసుకో; చేవగాఁడ = చేవ గలవాడా!

తాత్పర్యం: పనస పెరగడం తప్పు కాదు, మీదికి పెరగనివ్వడం ఇంటాయన తప్పు.

వ్యాఖ్య: ‘ఇంటి పక్క’ అన్న చోటే కథంతా ఉంది. నాగల్‌గిద్ద కర్ణాటక అంచున ఉన్న మెట్ట మండలం. కంది, పెసర, పత్తి చేలు. పనసను ఇక్కడ ఎవరూ పంటగా వేయరు. ముచ్చటపడి తెచ్చిన మొక్కను బోరు కాడ, అంట్లు తోమిన నీళ్లు పారే చోట, గోడ వారన పెడతారు. చేలకు దొరకని నీళ్లు దానికి దొరుకుతాయి. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలోనే బృహత్సంహితలో చెట్టుకూ చెట్టుకూ ఇరవై మూరల ఎడం ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు కనీసం అన్నాడు. మూర అడుగున్నర అనుకుంటే ఇరవై మూరలంటే 30 అడుగులు. గోడకు మూడు మూరల్లో పెట్టినవాడు ఏ తరగతిలోకి వస్తాడో ఆచార్యుడు రాయలేదు.

‘ఏనుఁగై’ అన్నది అతిశయోక్తి అని కొందరంటారు. కాదు, స్వభావోక్తి. వదిలేస్తే పనస 50 అడుగులు దాటగలదు. కాయ పది ఇరవై కిలోలు తూగడం మామూలే. రేకుల మీదికి సాగిన లావు కొమ్మకు అలాంటిది కాసి తొడిమ వదిలితే, అలంకారం ఏదైనా పగిలే రేకు పగులుతుంది.

శంక: కాసే చెట్టు మీద కత్తి పెట్టవచ్చునా?

సమాధానం: మూడో పాదం పుట్టిందే ఇందుకు. మామిడి కొమ్మ కొనల్లో పూస్తుంది, కొన కోస్తే ఆ కొమ్మకు ఆ ఏటి పూత పోయినట్టే. పనస అలా కాదు. మాను మీద, ముదిరిన లావు కొమ్మల మీద పొట్టి రెమ్మలు తన్నుకొచ్చి వాటికే పిందె పడుతుంది. ఆకాశంలోకి పోయిన కొన ఇంటాయనకిచ్చేది నీడా, గాలివాన రాత్రి భయమూ. నలభై అడుగుల మీద కాయ ఉన్నా దించే మొనగాడు దొరకడు, అది తానే దిగుతుంది. తుఫానులు తాకే ఫ్లారిడాలో ఫెయిర్‌చైల్డ్ ఉద్యానం వాళ్లు ఏటేటా కోసి పనసను చేతికందే ఎత్తులో ఉంచే పద్ధతి నేర్పారు. నిచ్చెన వేసుకుని కోసుకునే ఎత్తు చాలునని మా మతం.

‘కొనను తుంచు’ అన్నదానికి కొన్ని ఇళ్లలో ‘నడుము నరుకు’ అని పాఠాంతరం. పదేళ్లు పట్టించుకోక ఒక్క పూటలో సగానికి కొట్టించేవాళ్ల పాఠమిది. అపపాఠం. నీడలో పెరిగిన బెరడుకు ఒక్కసారిగా ఈ మెట్ట ఎండ తగిలితే పగుళ్లు బారుతుంది. కొట్టిన చోట పది పిలకలు నిటారుగా లేచి, కొన్నేళ్లలోనే పాత ఎత్తును అందుకుంటాయి. అవి పైపైన అతుక్కున్న కొమ్మలు, గాలికి ఊడివస్తాయి. ‘తుంచు’ అన్న క్రియలోనే లేత వయసు ధ్వనిస్తోంది. మొక్క మనిషెత్తు దాటగానే కొన తీసి, నాలుగు పక్కలకు నాలుగు కొమ్మలు ఉంచితే చాలు. ఇప్పటికే ముదిరిపోయిందా, ఏడాదికి ఒకటి రెండు పెద్ద కొమ్మల చొప్పున రెండు మూడేళ్లలో దించాలి.

లావు కొమ్మకు మూడు కోతలు. ముందు మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు. తర్వాత ఇంకాస్త అవతల పై నుంచి పూర్తిగా. కొమ్మ పడ్డాక మిగిలిన మొండెం. కింది కోత మరిచిపోతే విరిగే కొమ్మ మాను బెరడును నిలువునా చీల్చుకుపోతుంది. మొండెం కోసేటప్పుడు కొమ్మ మొదట ఉబ్బుగా ఉండే మెడను వదిలెయ్యాలి, గాయం మూసేది అదే. రంపానికీ చేతులకూ నూనె పూయాలని మూలంలో లేదు. పాలు అంటాక ఎవరూ చెప్పనక్కరలేదు గనుక కవి విడిచిపెట్టాడు.

‘కోసినాక’: కాలనిర్ణయం. ఎండాకాలం కాయ దిగిపోయాక, ముసురులో కాక తెరిపి ఇచ్చిన రోజున. చలికాలంలో కోస్తే పూత మీద కోసినట్టే. గాయానికి బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. పడిన ఆకుకు మేకలే తీర్పరులు.

‘మొదలు ముట్టవద్దు’: గోడ బీటలిచ్చిందని మాను పక్కనే కందకం తవ్వి లావు వేర్లు నరికేవాళ్లను ఉద్దేశించిన మాట. అటువైపు పట్టు పోయిన చెట్టు ఇటువైపు, అంటే ఇంటి మీదికి, వాలుతుంది. చెట్టునే కొట్టెయ్యాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, ముందు ఆఫీసులో అడగాలి.

‘చేవగాఁడ’ అన్న పిలుపు ఎవరికి? చెట్టుకే అని ఒక పక్షం. పనస చేవ పచ్చగా, గట్టిగా ఉంటుంది. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలో తొలుస్తారు. ఇంటాయనకని రెండో పక్షం, కూలికి వచ్చి చెట్టెక్కేవాడికని మూడోది. మేము రెండో పక్షాన్ని సమర్థిస్తూ రంపం అందుకుంటుండగా ఇంటావిడ నాలుగోది ప్రతిపాదించింది: “ఎవలన్న ఎక్కుండ్రి గని, ముందుగాల లైన్‌మన్‌కు ఫోన్ చెయ్యుండ్రి. సర్వీసు వైరు కొమ్మల్నే ఉన్నది.”