నల్ల ఉన్ని ఉండ

నల్లమల అంచున, నాగర్‌కర్నూలు వైపు ఒక కురుమల ఇంట్లో పుట్టాను. దక్కని గొర్రెల నల్ల ఉన్ని నాది. ఏటా రెండుసార్లు మందను వాగులో కడిగి, ఒళ్ళు ఆరాక కత్తెర పెట్టేవారు. ఏకి మెత్తబరిచిన ఉన్నితో అవ్వ రాట్నం ముందు కూర్చునేది. ఆమె వడికిన దారానికి ఒక గుర్తుంది, అక్కడక్కడ కాస్త లావెక్కుతుంది. ఆకువక్క కోసం చెయ్యి ఆపిన చోటు అది.

నా తోటి ఉండలన్నీ గుంటమగ్గం ఎక్కాయి. చింతగింజల గంజి పట్టి బిరుసెక్కి గొంగళ్ళయ్యాయి. వానలో మంద వెంట నడిచేవాడికి అదే గొడుగు, రాత్రికి అదే పక్క. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమెందుకని లోకం అంటుంది. ఆ వెంట్రుకను దారం చెయ్యడానికి అవ్వ ఎన్ని పగళ్ళు కూర్చుందో నాకు తెలుసు.

నేను ఒక్కదాన్నే మిగిలాను. నేసే తాత పోయాడు, మగ్గం గుంటను పూడ్చి పైన అరుగు కట్టారు. 2017లో గొర్రెల పంపిణీ పథకం వచ్చినప్పుడు మనవడికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు దక్కాయి. అన్నీ నెల్లూరు జాతివే. పొడుగు కాళ్ళు, తొందరగా పట్టే కండ, ఒంటి మీద పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని లేదు. మాంసానికి ధర ఉంది, ఉన్నికి అడిగేవాడు లేడు. మనవణ్ణి తప్పు పట్టను, పిల్లల చదువులు వాటి మీదే నడిచాయి. అటక మీది కుండలో మాత్రం నాకు చాలా ఏళ్ళు చీకటి.

వనపర్తి నుంచి ఒక టీచరమ్మ పాత ఉన్ని కోసం మా ఊరికి వచ్చింది. కుండలోంచి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "గిదేం జేస్కుంటవ్ బిడ్డా, గుచ్చుకుంటది" అంది అవ్వ. "ఆసనం అల్లుకుంటనవ్వా" అని డబ్బు చేతిలో పెట్టింది టీచరమ్మ.

ఆమె ట్రంకుపెట్టెలో నాకు చుట్టాలు దొరికారు. సంతలో పాత స్వెటర్ కనిపిస్తే ఆమె ముందు లోపలి కుట్టు చూస్తుంది. అంచు కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టినదైతే విప్పినా తుంపులే వస్తాయి, దాన్ని వదిలేస్తుంది. కొన్నాక పోగు కొస కాల్చి చూస్తుంది. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలితే ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అది యాక్రిలిక్. విప్పిన దారం వంకీలు తిరిగి ఉంటుంది. చిలపలు చుట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, కింద చిన్న బరువు కట్టి నీడన వేలాడదీస్తే సాగి చక్కబడుతుంది. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేస్తుంది, నెలకోసారి అందరినీ ఎండలో పెడుతుంది.

నా పక్కన ఉన్న మెరూన్ ఉండ గద్వాల నుంచి వచ్చింది. నూలు ఒంటికి పట్టు అంచును పోగుపోగునా కలిపే చీరలు నేసిన ఒక పెద్దాయన స్వెటర్ అది. చలికాలం తెల్లవారుజామున మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడట. మోచేతుల దగ్గర దారం సగానికి అరిగిపోయింది. టీచరమ్మ ఆ అరిగిన పోగును పారేయలేదు, విడిగా చిన్న ఉండ చుట్టింది.

నాతో ఆసనం సగం అల్లింది. లావు చోటు వచ్చినప్పుడల్లా సూది ఆపి వేలితో తడిమేది.

మొన్న మాఘమాసంలో అవ్వ మనవడు ఫోన్ చేశాడు. అవ్వ లేదిప్పుడు. "అక్కా, బిడ్డ లగ్గం పెట్టుకున్నం. కంకణానికి ఉన్ని దారం గావాలె. దుకాణాల్ల అడిగితే రంగురంగులవి ఇస్తున్రు, అవి ఉన్ని గావు. మా అవ్వ దారం ఏమన్న మిగిలిందా?"

టీచరమ్మ సూదులు పక్కన పెట్టింది. నా కొస పట్టుకుని మెల్లగా లాగింది. ఒక మూర, రెండు మూరలు. లావు చోటు ఒకటి వచ్చింది. దాన్ని దాటి ఇంకో జానెడు వదిలి, అక్కడ తెంపింది.